కార్నియా బలాన్ని కంప్యూటర్‌లో లెక్కగట్టడం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఈ ప్రశ్నలు రెండు వైపుల నుంచి వస్తుంటాయి. ఒకవైపు మాదాపూర్, గచ్చిబౌలి ఆఫీసుల్లో కార్లకూ విమాన భాగాలకూ సిమ్యులేషన్లు చేసే మెకానికల్ ఇంజినీర్లు. మరోవైపు కెరటోకోనస్ (కార్నియా పల్చబడి ముందుకు పొడుచుకొచ్చే జబ్బు) అనే మాట మొదటిసారి విని టెన్షన్‌తో ఇంటికొచ్చిన తల్లిదండ్రులు, కళ్లజోడు అవసరం తగ్గించే లేసిక్ లేజర్ ఆపరేషన్ చేయించుకోవాలా వద్దా అని ఆలోచిస్తున్న యువతీ యువకులు. వాళ్లందరి కోసం ఒకే పేజీ రాశాను. మీకు అవసరం లేని ప్రశ్న వస్తే దాటేసి ముందుకెళ్లండి.

కార్నియాకు ఇంజినీరింగ్ లెక్కలు ఎందుకు?

నల్లగుడ్డు మీద గాజులా కనిపించే పొరే కార్నియా. మధ్యలో దాని మందం సుమారు 540 మైక్రాన్లు, అంటే అర మిల్లీమీటరు కంటే కాస్త ఎక్కువ. అంచుల దగ్గర ఇంకొంచెం మందంగా ఉంటుంది. కంటి లోపలి ద్రవం దాన్ని రాత్రీ పగలూ బయటికి నెడుతూనే ఉంటుంది. ఆ ప్రెషర్ మామూలుగా 10 నుంచి 21 మిల్లీమీటర్ల పాదరసం మధ్య ఉంటుంది. ఇంత పల్చటి పొర ఆ తోపుడును జీవితాంతం తట్టుకోవాలి, ఆకారమూ చెడకూడదు.

ఆకారం చెడితే చూపు చెడినట్టే. కంటికి ఉన్న మొత్తం పవర్‌లో దాదాపు మూడింట రెండు వంతులు, అంటే 43 డయాప్టర్ల (కళ్లజోడు పవర్‌ను కొలిచే యూనిట్) వరకు, కార్నియాదే. దాని ముందు వంపు వ్యాసార్ధం 7.85 మి.మీ. నుంచి 7.67 మి.మీ.కి తగ్గితే చాలు, ఒక డయాప్టర్ మారిపోతుంది. 0.2 మి.మీ. కూడా లేని తేడాకు కళ్లజోడు నంబరు మారుతుంది. బలానికీ ఆకారానికీ ఇంత దగ్గరి సంబంధం ఉన్న అవయవం శరీరంలో చాలా అరుదు. అందుకే దీన్ని లెక్కగట్టడం అవసరం.

కంప్యూటర్ మోడల్ అంటే అసలు ఏం చేస్తారు?

కార్నియా ఆకారాన్ని వేల చిన్న ముక్కలుగా విడగొడతారు. ప్రతి ముక్కకూ మందం, గట్టిదనం, పీచుల దిశ చెబుతారు. లోపలి నుంచి కంటి ప్రెషర్ పెడతారు. ఏ ముక్క ఎంత సాగుతుంది, ఎంత ప్రతిబలాన్ని (అడ్డుకోత వైశాల్యం మీద పడే బలాన్ని) మోస్తుంది అన్నది కంప్యూటర్ లెక్కగడుతుంది. దీన్నే ఫైనైట్ ఎలిమెంట్ పద్ధతి అంటారు. కారు డోరు మీద చేసే పనీ ఇదే. కాకపోతే డోరుకు వాడిన ఉక్కు గుణాలు కంపెనీ కేటలాగ్‌లో దొరుకుతాయి. మీ కార్నియా గుణాలు ఏ కేటలాగ్‌లోనూ ఉండవు. ఈ రంగంలోని కష్టమంతా దాదాపు ఇక్కడి నుంచే మొదలవుతుంది.

కంప్యూటర్ లేకుండా చిన్న లెక్క చేయొచ్చా?

చేయొచ్చు, చేయాలి కూడా. పల్చటి గోళపు పొర మీద లాప్లాస్ సూత్రం ప్రకారం ప్రతిబలం = ప్రెషర్ × వ్యాసార్ధం ÷ (2 × మందం). 15 మి.మీ. పాదరసం అంటే సుమారు 2 కిలోపాస్కల్‌లు. వ్యాసార్ధం 7.8 మి.మీ., మందం 0.54 మి.మీ. తీసుకుంటే ప్రతిబలం 14.4 కిలోపాస్కల్‌లు వస్తుంది. కార్నియా ఎప్పుడూ మోస్తున్న బరువు ఈ స్థాయిలో ఉంటుంది. మీ పెద్ద మోడల్ మామూలు కంటికి, మధ్య భాగంలో 200 కిలోపాస్కల్‌లు చూపిస్తే ఎక్కడో యూనిట్ తప్పింది, లేదా అంచు షరతు తప్పింది. ఆ పొరపాటును ఈ ఒక్క లైను పట్టిస్తుంది.

దాన్ని రబ్బరు పొర అనుకుంటే ఏమవుతుంది?

మొదటి రోజుల్లో అలాగే అనుకున్నారు. అన్ని దిశల్లో ఒకే గుణం, ఎంత లాగితే అంత నిష్పత్తిలో సాగడం, ఒకే యంగ్ గుణకం (పదార్థం సాగకుండా ఎంత గట్టిగా నిలుస్తుందో చెప్పే సంఖ్య). లెక్క సులువే, జవాబు మాత్రం నమ్మదగ్గది కాదు. కారణం కార్నియా నిర్మాణంలోనే ఉంది.

దాని మందంలో సుమారు 90 శాతం స్ట్రోమా అనే భాగం. అందులో సుమారు 200 పల్చటి పొరలు ఒకదాని మీద ఒకటి పరిచి ఉంటాయి. ప్రతి పొరలోనూ కొలాజెన్ పీచులు ఒకే దిశలో సాగుతాయి, పక్క పొరలో దిశ మారుతుంది. పీచుల మధ్య నీరు పట్టి ఉంచే మెత్తటి పదార్థం ఉంటుంది. స్ట్రోమా బరువులో మూడొంతుల కంటే ఎక్కువ నీరే. బ్రిటన్‌లోని కార్డిఫ్‌లో కీత్ మీక్ పరిశోధక బృందం ఎక్స్‌రే పరీక్షలతో చూపించినదేమిటంటే, కార్నియా మధ్యలో పీచులు ఎక్కువగా రెండు దిశల్లో ఉంటాయి: పైనుంచి కిందికి ఒకటి, ముక్కు వైపు నుంచి చెవి వైపుకు మరొకటి. అంచుకు వచ్చేసరికి అవి చుట్టూ వలయంలా తిరుగుతాయి. ఆ వలయం కార్నియా అంచును బిగించి పట్టుకుంటుంది.

లోతును బట్టి కూడా తేడా ఉంది. ముందు వైపు మూడో వంతులో పొరలు ఒకదానిలోకి ఒకటి అల్లుకుని ఉంటాయి, కాబట్టి అది గట్టి భాగం. వెనక వైపు పొరలు సమాంతరంగా పరిచినట్టు ఉంటాయి, అక్కడ మెత్తన. లేజర్‌తో ముందు వైపు నుంచి కోస్తామని గుర్తుపెట్టుకుంటే ఈ వివరం ఎంత ముఖ్యమో తెలుస్తుంది.

ఇంకొకటి, సాగే తీరు. నులక మంచం మీద కూర్చుంటే మొదట కాస్త సులువుగా దిగుతుంది, నులక బిగిశాక ఇక దిగదు. కొలాజెన్ పీచులు కూడా మొదట అలలు తిరిగి వదులుగా ఉంటాయి. తక్కువ ప్రెషర్‌లో కార్నియా సులువుగా సాగుతుంది, పీచులు నిటారు అయ్యేకొద్దీ బిగుసుకుంటుంది. గ్రాఫ్ గీస్తే సరళరేఖ రాదు, పైకి వంగే గీత వస్తుంది. అందుకే ఒకే యంగ్ గుణకం పెట్టిన మోడల్ ఏదో ఒక్క ప్రెషర్ దగ్గర మాత్రమే నిజానికి దగ్గరగా ఉంటుంది.

ఈ రెండు గుణాలనూ పట్టే సమీకరణాలు మొదట రక్తనాళాల కోసం వచ్చాయి. 2000లో హోల్జాప్‌ఫెల్, గాసర్, ఓగ్డెన్ ధమనుల గోడకు రాసిన మోడల్‌లో మెత్తటి పదార్థం ఒక భాగం, రెండు దిశల పీచులు ఇంకో భాగం. 2006లో పీచులు అన్నీ ఒకే దిశలో ఉండవు, కాస్త చెదిరి ఉంటాయి అన్న సంగతిని ఒక సంఖ్యతో చేర్చారు. ఆ సంఖ్య 0 అయితే పీచులన్నీ ఒకే దిశలో, 0.33 అయితే అన్ని దిశల్లో సమానంగా ఉన్నట్టు. పిన్‌స్కీ బృందం 2005లో, పండోల్ఫీ, మంగనియెల్లో 2006లో ఇలాంటి పీచు మోడళ్లను మానవ కార్నియాకు అన్వయించారు. ఈరోజు చేస్తున్న పనిలో చాలా భాగం ఆ పునాది మీదే నడుస్తోంది.

కార్నియా యంగ్ గుణకం ఎంత? ఒక్కో పేపర్‌లో ఒక్కోలా ఉందేమిటి?

కొన్ని పదుల కిలోపాస్కల్‌ల నుంచి కొన్ని మెగాపాస్కల్‌ల దాకా విలువలు కనిపిస్తాయి. వంద రెట్ల తేడా చూసి కొత్తవాళ్లు కంగారుపడతారు. అవన్నీ తప్పులు అనుకోవద్దు, ఒక్కొక్కరు ఒక్కో విషయం కొలిచారు. పొడవుగా పట్టీ కోసి లాగినవాళ్లకు ఒక సంఖ్య, మొత్తం కార్నియాను బిగించి లోపలి నుంచి ప్రెషర్ పెట్టినవాళ్లకు ఇంకో సంఖ్య, పొరలను పక్కకు జార్చినవాళ్లకు చాలా చిన్న సంఖ్య. పట్టీ కోస్తే పీచులు మధ్యలో తెగుతాయి, వంపు ఉన్న పొరను చదునుగా లాగాల్సి వస్తుంది. మరణానంతరం కార్నియా నీరు పీల్చి ఉబ్బుతుంది, దానివల్ల కూడా గుణం మారుతుంది. వయసు పెరిగేకొద్దీ కార్నియా గట్టిపడుతుంది. నా సలహా: ఏ పేపర్ నుంచైనా సంఖ్య తీసుకునే ముందు ఏ ప్రెషర్ దగ్గర, ఏ పద్ధతిలో, ఎవరి కన్ను మీద కొలిచారో చూడండి. మూడింటిలో ఒక్కటి రాయకపోయినా ఆ సంఖ్యను వాడకండి.

నా దగ్గర పెంటాక్యామ్ రిపోర్ట్ ఉంది. దాంతో నా కంటి మోడల్ తయారవుతుందా?

సగం తయారవుతుంది. ఆ మెషీన్ కార్నియా ముందు వంపు, వెనక వంపు, ప్రతి చోటా మందం ఇస్తుంది. ఆకారం విషయంలో అది చాలా మంచి సమాచారం. బలం గురించి అది ఏమీ చెప్పదు. ఒకే ఆకారం, ఒకే మందం ఉన్న ఇద్దరి కార్నియాలు లోపల వేర్వేరు గట్టిదనంతో ఉండొచ్చు. ఎవరైనా మీ కంటికే ప్రత్యేకంగా మోడల్ చేశాం అంటే, “ఆకారం నాదేనా, గట్టిదనం కూడా నాదేనా” అని అడగండి. ఎక్కువ చోట్ల ఆకారం మీది, గట్టిదనం వేరే కళ్ల సగటు.

ఇంజినీర్లు తరచుగా దాటేసే విషయం ఇంకోటి ఉంది. రిపోర్ట్‌లో కనిపించే ఆకారం ప్రెషర్ లోపల ఉన్నప్పటిది. అంటే కార్నియా అప్పటికే సాగి ఉంది. ఆ ఆకారాన్ని బరువు లేని ఆకారంగా తీసుకుని దాని మీద మళ్లీ 15 మి.మీ. ప్రెషర్ పెడితే రెండుసార్లు సాగదీసినట్టు అవుతుంది. కాబట్టి వెనక్కి లెక్క కట్టాలి. కొలిచిన ఆకారానికి ప్రెషర్ పెట్టి ఎంత కదిలిందో చూసి, ఆ కదలికను మొదటి బిందువుల నుంచి తీసేసి, కొత్త ఆకారంతో మళ్లీ ప్రెషర్ పెట్టాలి. ఉబ్బిన ఆకారం, కొలిచిన ఆకారం ఒక మైక్రాన్ లోపల కలిసే వరకు ఇలా తిరగాలి. సాధారణంగా కొద్ది సార్లలోనే కలుస్తుంది. ఒక డయాప్టర్ ఎంత చిన్న తేడాకు మారుతుందో పైన చూశాం, కాబట్టి ఈ మెట్టు వదిలేసిన మోడల్ ఇచ్చే నంబర్లను చూపు విషయంలో నమ్మలేం.

అంచును ఎలా పట్టి ఉంచాలి?

కార్నియా తెల్లగుడ్డుతో కలిసే చోటును పూర్తిగా బిగించేస్తే అంచు దగ్గర లేని ప్రతిబలాలు పుడతాయి. తెల్లగుడ్డును కూడా మోడల్‌లో చేర్చడం మేలు. కుదరకపోతే అంచు బిందువులను ఏటవాలుగా జారనివ్వాలి. సుమారు 40 డిగ్రీల కోణంలో జారే రోలర్లు పెట్టడం ఎల్‌షేఖ్ బృందం నుంచి వచ్చిన పద్ధతి.

మా అబ్బాయికి కెరటోకోనస్ అన్నారు. మోడల్ దీని గురించి ఏం చెబుతుంది?

కెరటోకోనస్‌లో కార్నియా ఒక చోట పల్చబడి, ముందుకు శంకువులా పొడుచుకొస్తుంది. సాధారణంగా టీనేజ్‌లో మొదలై కొన్నేళ్లు పెరుగుతుంది. చాలామంది తల్లిదండ్రులు కంటి ప్రెషర్ ఎక్కువై పొడుచుకొచ్చిందా అని అడుగుతారు. మోడళ్లు చెప్పేది వేరు. ప్రెషర్ మామూలుగానే ఉంచి, ఒక చిన్న ప్రాంతంలో పీచుల గట్టిదనం తగ్గిస్తే చాలు, అదే రకమైన పొడుపు కనిపిస్తుంది. మందం మాత్రమే తగ్గిస్తే వచ్చే మార్పు తక్కువ. అసలు సమస్య ఆ చోట పదార్థం మెత్తబడటం.

2014లో సింథియా రాబర్ట్స్, విలియం డప్స్ దీన్ని ఒక చక్రంలా వివరించారు. ఒక చోట మెత్తబడుతుంది, అక్కడ ఎక్కువ సాగుతుంది, సాగి పల్చబడుతుంది, పల్చబడిన చోట ప్రతిబలం పెరుగుతుంది, పెరిగిన ప్రతిబలానికి ఇంకా సాగుతుంది. పైన లాప్లాస్ లెక్కలో మందం 0.54 బదులు 0.40 పెట్టి చూడండి, ప్రతిబలం 14.4 నుంచి 19.5 కిలోపాస్కల్‌లకు చేరుతుంది. ఈ చక్రాన్ని తొందరగా ఆపడమే చికిత్స లక్ష్యం. అందుకే కళ్లజోడు నంబరు, ముఖ్యంగా సిలిండర్ పవర్, వెంటవెంటనే మారుతున్న పిల్లలకు కార్నియా మ్యాపింగ్ పరీక్ష ఆలస్యం చేయకండి. బంజారాహిల్స్‌లో ఎల్వీ ప్రసాద్ కంటి వైద్య సంస్థ ఉంది, ప్రభుత్వ వైపు మెహదీపట్నంలో సరోజినీదేవి కంటి ఆసుపత్రి ఉంది. ఎక్కడ చూపించినా, పాత రిపోర్టులన్నీ వెంట తీసుకెళ్లండి. ఒక్క రిపోర్ట్ కంటే ఆరు నెలల తేడాతో తీసిన రెండు రిపోర్టులు చాలా ఎక్కువ చెబుతాయి.

కళ్లు నులుముకుంటే నిజంగా అంత నష్టమా?

అవును. పిల్లాడిని తిట్టమని చెప్పడం లేదు, దురదకు మందు వేయించమంటున్నాను. వేసవి దుమ్ముకూ ఎలర్జీకీ కళ్లు దురదపెడుతుంటే చేతులు ఆగవు. వేలి కణుపులతో నులిమినప్పుడు లోపలి ప్రెషర్ ఒక్కసారిగా పెరుగుతుంది, దానికి తోడు పొరలు పక్కకు జారేలా తోపుడు పడుతుంది. కార్నియా లాగుడుకు గట్టిది, జారుడుకు చాలా మెత్తనిది. ప్రెషర్ ఒక్కటే పెట్టిన మోడల్‌లో ఈ నష్టం కనిపించదు, వేలిని కూడా తాకిడిగా పెట్టాలి.

క్రాస్‌లింకింగ్ అంటే ఏం చేస్తారు? అది మోడల్‌లో ఎలా వస్తుంది?

కెరటోకోనస్ ఇంకా పెరగకుండా ఆపే చికిత్స ఇది. రైబోఫ్లేవిన్ (విటమిన్ బి2) చుక్కలు వేసి, కార్నియా మీద అతినీలలోహిత కాంతి పడేలా చేస్తారు. పీచుల మధ్య కొత్త బంధాలు ఏర్పడి కార్నియా గట్టిపడుతుంది. జర్మనీలోని డ్రెస్డెన్‌లో మొదలైన అసలు పద్ధతిలో 30 నిమిషాలు, చదరపు సెంటీమీటరుకు 3 మిల్లీవాట్ల కాంతి. వోలెన్‌సాక్, స్పోర్ల్, జైలర్ దీన్ని రోగుల మీద చేసిన ఫలితాలను 2003లో ప్రచురించారు. పైపొర తీశాక కనీసం 400 మైక్రాన్ల మందం ఉండాలన్న నియమం లోపలి ఎండోథీలియం కణాలను కాపాడటానికి. ఆ కణాలు పోతే తిరిగి పుట్టవు.

గట్టిపడటం అంతటా ఒకేలా ఉండదు. కాంతి ముందు నుంచి వస్తుంది, కాబట్టి ముందు సుమారు 300 మైక్రాన్లలోనే ఎక్కువ ప్రభావం. మోడల్‌లో లోతును బట్టి గట్టిదనం తగ్గేలా పెట్టాలి. 2011లో అభిజిత్ సిన్హా రాయ్, డప్స్ రోగుల ఆకారాలతో చేసిన లెక్కల్లో, కార్నియా అంతటా కాంతి వేయడం కంటే శంకువు మీద కేంద్రీకరించి చిన్న గుండ్రని ప్రాంతంలో వేస్తే వంపు ఎక్కువ తగ్గుతుందని కనిపించింది. కన్ను మీద ప్రయత్నించే ముందు ఇలాంటి ప్రశ్న అడగగలగడమే మోడలింగ్‌కు ఉన్న విలువ అని నేను నమ్ముతాను.

లేసిక్ చేయించుకోవాలనుకుంటున్నాను. ఏ లెక్క చూసుకోవాలి?

పెళ్లి ముహూర్తం దగ్గరపడిందనో ఉద్యోగం కోసమో తొందరపడేవాళ్లు ఎక్కువ. ముందు ఈ చిన్న లెక్క చూడండి. 6 మి.మీ. వెడల్పు ప్రాంతంలో ఒక మైనస్ డయాప్టర్ తీయడానికి సుమారు 12 మైక్రాన్లు పోతాయి, ఇది 1988 నాటి మన్నర్‌లిన్ సూత్రం. మీ కార్నియా 540 మైక్రాన్లు, పవర్ మైనస్ 6, ఫ్లాప్ (లేజర్ వేయడానికి కోసి పైకెత్తే పొర) 110 మైక్రాన్లు అనుకుందాం. లేజర్ 72 మైక్రాన్లు తీస్తుంది. ఫ్లాప్ తిరిగి అతుక్కున్నట్టు కనిపిస్తుంది కానీ బరువు దాదాపు మోయదు. ఫ్లాప్ కింద మిగిలిన భాగం మందం 358 మైక్రాన్లు, ప్రతిబలం సుమారు ఒకటిన్నర రెట్లు అవుతుంది. అదే 490 మైక్రాన్ల కార్నియా, పవర్ మైనస్ 9 అయితే మిగిలేది 272 మాత్రమే. 250 కంటే తగ్గకూడదన్నది పాత హద్దు, చాలామంది సర్జన్లు 300 చూస్తారు. ఫ్లాప్, లేజర్ కలిపి మొత్తం మందంలో 40 శాతం దాటితే ప్రమాదం పెరుగుతుందని 2014లో శాంతియాగో బృందం చెప్పింది. మొదటి కంటికి ఆ శాతం 34 దగ్గర, రెండో దానికి 44కు పైనే.

ఈ హద్దులన్నీ మందం మీదే ఆధారపడ్డవి. మందం సరిపోయినా పదార్థం బలహీనంగా ఉంటే తర్వాత కార్నియా పొడుచుకురావచ్చు. ఫ్లాప్ ఎత్తకుండా చేసే స్మైల్ లేజర్ పద్ధతిలో ముందు వైపు గట్టి పొరలను ఎక్కువగా కోయరు, కాబట్టి బలం ఎక్కువ మిగలాలని మోడళ్లు చెబుతాయి. అయినా స్మైల్ తర్వాత కూడా ఇలాంటి కేసులు నమోదయ్యాయి. అందుకే ఇంట్లో ఎవరికైనా కెరటోకోనస్ ఉందా, మీకు కళ్లు నులిమే అలవాటుందా అన్నది డాక్టర్ అడగకపోయినా మీరే చెప్పండి.

కంటి ప్రెషర్ రీడింగ్‌కూ దీనికీ సంబంధం ఏమిటి?

గోల్డ్‌మన్ టోనోమీటర్ 3.06 మి.మీ. వ్యాసంలో కార్నియాను చదును చేయడానికి ఎంత బలం కావాలో కొలుస్తుంది. 520 మైక్రాన్ల దగ్గరి మందం ఉన్న కంటికి ఆ లెక్క కుదురుతుంది. మందంగా, గట్టిగా ఉంటే రీడింగ్ ఎక్కువ చూపిస్తుంది, పల్చగా ఉంటే తక్కువ చూపిస్తుంది. లేసిక్ అయినవాళ్లకు గ్లాకోమా పరీక్ష చేసేటప్పుడు ఆపరేషన్ సంగతి తప్పకుండా చెప్పాలి, లేకపోతే ఎక్కువ ప్రెషర్ మామూలుగా కనిపించి మోసం చేస్తుంది. లివర్‌పూల్‌లో ఎల్‌షేఖ్ బృందం వందల కార్నియా సిమ్యులేషన్లతో ఈ తేడాను సవరించే సూత్రం తయారు చేసింది. గాలి ఊది కార్నియాను పరీక్షించే కార్విస్ మెషీన్‌లో బీఐఓపీ అని కనిపించే రీడింగ్ అదే. మోడలింగ్ నేరుగా క్లినిక్‌లోకి వచ్చిన మంచి ఉదాహరణ ఇది.

గాలి ఊదే ఆ మెషీన్ బలాన్ని కొలుస్తుందా?

నేరుగా కొలవదు. గాలి ఊది కార్నియా ఎలా లోపలికి వంగి తిరిగొస్తుందో చూస్తుంది. కార్విస్ కెమెరా సెకనుకు 4,000కు పైగా ఫొటోలు తీస్తుంది. ఆ కదలికలో కార్నియా గట్టిదనం, మందం, లోపలి ప్రెషర్ మూడూ కలిసిపోయి ఉంటాయి. వాటిని విడదీయడానికి మళ్లీ మోడలే కావాలి. ఈ మెషీన్ నుంచి వచ్చే సూచికలు చాలా ఉపయోగపడతాయి, కానీ ఒక్క సూచిక చూసి నిర్ణయం తీసుకోవద్దు.

ఇదంతా ఏఐ చేయలేదా?

ఇప్పటికే ఉన్న జబ్బును గుర్తుపట్టడంలో మెషీన్ లెర్నింగ్ బాగా పనిచేస్తోంది. 2017లో వచ్చిన టీబీఐ సూచిక (కార్నియా ఆకారాన్నీ గాలి పరీక్ష ఫలితాన్నీ కలిపి చూసేది) అలాంటిదే. ఈ కంటికి ఈ ఆపరేషన్ చేస్తే ఐదేళ్ల తర్వాత ఏమవుతుంది అన్న ప్రశ్నకు, అలాంటి కళ్లు డేటాలో లేకపోతే, బలాల లెక్క తెలిసిన మోడల్ కావాలి. రెండింటినీ కలపడం మంచి దారి.

హైదరాబాద్‌లో ఈ పని చేయాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

ఈ నగరానికి ఒక అరుదైన అనుకూలత ఉంది. గుళ్లపల్లి నాగేశ్వరరావు గారు 1987లో స్థాపించిన ఎల్వీ ప్రసాద్ సంస్థలో కార్నియా వైద్యం, రామాయమ్మ అంతర్జాతీయ నేత్రనిధి, సృజన పేరుతో ఆవిష్కరణల కేంద్రం ఒకే చోట ఉన్నాయి. కందిలో ఐఐటీ హైదరాబాద్ ఉంది, తార్నాక దగ్గర కణ, అణు జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ ఉంది. ఈ మూడు సంస్థలూ కలిసి, మార్పిడికి పనికిరాని మానవ కార్నియాల నుంచి తీసిన పదార్థంతో త్రీడీ ప్రింటింగ్ ద్వారా కార్నియా తయారు చేసి, కుందేలు కంటిలో అమర్చినట్టు 2022లో ప్రకటించాయి. అలాంటి కార్నియా కంటి ప్రెషర్‌ను తట్టుకుని ఆకారం నిలుపుకుంటుందా అన్నది పూర్తిగా మన లెక్కల ప్రశ్నే.

మెకానికల్ చదివినవాళ్లకు నేను చెప్పేది ఒకటే: డాక్టర్‌తో మాట్లాడకుండా మోడల్ మొదలుపెట్టకండి. క్లినిక్‌లో ఒక పూట కూర్చుంటే ఏ ప్రశ్నకు జవాబు కావాలో తెలుస్తుంది. ప్రయోగాలకు కార్నియాలు కావాలంటే నేత్రనిధి, ఎథిక్స్ కమిటీ అనుమతి తప్పనిసరి. పరిశోధనకు వచ్చే ప్రతి కార్నియా వెనక ఒక కుటుంబం దుఃఖంలో ఉండి కూడా ఇచ్చిన అనుమతి ఉంటుంది. ఆ కణజాలం ఒక్క ముక్క కూడా వృథా కాకుండా పరీక్షను ముందే ప్లాన్ చేయండి.

ఏ సాఫ్ట్‌వేర్ వాడాలి? మామూలు లాప్‌టాప్ చాలా?

నేర్చుకోవడానికి చాలు. ఫెబియో ఉచితం, జీవకణజాలాల కోసమే తయారైంది, పీచు మోడళ్లు అందులో ముందే ఉన్నాయి. అబాకస్‌లోనూ గాసర్, ఓగ్డెన్, హోల్జాప్‌ఫెల్ మోడల్ సిద్ధంగా ఉంది. దాని విద్యార్థి వెర్షన్‌లో 1,000 నోడ్‌ల హద్దు ఉంది, గుండ్రని సౌష్ఠవంతో చేసే మొదటి మోడల్‌కు అది సరిపోతుంది. కార్నియా ఘనపరిమాణం దాదాపు మారదు, పాయిజాన్ నిష్పత్తి 0.49 దగ్గర ఉంటుంది. అందుకని మామూలు ఎలిమెంట్లు లేని గట్టిదనం చూపిస్తాయి, హైబ్రిడ్ ఎలిమెంట్లు వాడండి. నొక్కుడులో పీచులు బరువు మోయకుండా ఆపారో లేదో చూసుకోండి.

మొదట సరళమైన గోళపు పొరకు ప్రెషర్ పెట్టి 14.4 కిలోపాస్కల్‌ల దగ్గరకు వచ్చిందా చూడండి. తర్వాత మెష్‌ను రెట్టింపు చేసి శిఖరం కదలిక మారుతుందా చూడండి. ఆ తర్వాత పీచులు చేర్చి, ప్రెషర్ పెంచుతూ కార్నియా ఉబ్బిన తీరును కొలిచి ప్రచురించిన ఒక ప్రయోగంతో మీ గీతను పక్కపక్కన పెట్టండి. గీత ఎక్కడ విడిపోయిందో చూసి, గట్టిదనం సంఖ్యలను సర్దే ముందు బరువు లేని ఆకారం సరిగ్గా తీశారో లేదో మరోసారి చూసుకోండి. ఎక్కువ సార్లు తప్పు అక్కడే ఉంటుంది.